నల్లకుండ పులుపు

బట్టకు వేసే నల్ల రంగు కొలత చెప్పమని వచ్చి అడిగే పిల్లలందరికీ నేను చెప్పే జవాబు ఒకటే: చేపల పులుసు. కొందరు నవ్వుతారు. ఫోన్ తీసి రాసుకోబోయినవాళ్ళు మధ్యలో ఆగిపోతారు. ఈవిడకు వయసు మీద పడిందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీండి. పని మానేసి ఇంట్లో కూర్చున్నదాన్ని, నాకు తొందరేమీ లేదు. తొందరున్నవాళ్ళు ఇక్కడే ఆగి, దుకాణంలో రంగు పొడి కొనుక్కుని హాయిగా ఉండొచ్చు.

మాది తోటపల్లి గూడూరు పక్కన ఒక పల్లె. చర్చి వాళ్ళ కుట్టుబడిలో చాలా ఏళ్ళు కుట్టుపని నేర్పాను కాబట్టి, ఆ బడి మూతపడ్డాక కూడా అందరికీ టీచరమ్మగానే మిగిలాను. ఆ తర్వాత కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక వర్క్‌షాపులో చేరాను. అది ఒకప్పుడు రొయ్యపిల్లల హేచరీ. రొయ్యలకు రోగం తగిలి యజమాని చేతులెత్తేశాడు, సిమెంటు తొట్లు మాత్రం మిగిలాయి. ఆ తొట్లలోనే మేం బట్టలకు రంగు వేసేవాళ్ళం.

పారేసినవాటితో గోడకు వేలాడదీసే పెద్ద పెద్ద బట్ట చిత్రాలు చేయడం మా పని. పాత నూలు చీరలు, ఆసుపత్రి దుప్పట్లు, చర్చి వాళ్ళు మార్చేసిన తెల్ల కర్టెన్లు, తెగిన వలలు, గవ్వలు, ఏది దొరికితే అది. ఏరుకురావడం, ఉతకడం, అతకడం నా వంతు. మా ఇంటాయన ఉన్నన్నాళ్ళూ, నేను వాకిట్లోకి మోసుకొచ్చే మూటలు చూసి, "ఊరంతా పారేస్తుంటే నువ్వు ఇంటికి తెస్తుండావే" అని తల కొట్టుకునేవాడు. రంగులు మాత్రం మేస్త్రి వంతు.

మేస్త్రి కాళహస్తి వైపు నుంచి వచ్చిన సాయిబు. తాత, తండ్రి అందరూ బట్టలకు రంగు వేసినవాళ్ళే. నాకంటే కొంచెం పెద్దవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. మనిషి నెమ్మది. కోపం వస్తే గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు. ఆయన గొంతు బొత్తిగా వినపడలేదంటే ఆరోజు ఎవరూ తొట్ల దగ్గరికి పోకూడదని అర్థం.

మా దగ్గర ఒక నియమం ఉండేది. పట్నం నుంచి వచ్చిన ఇన్‌ఛార్జి అమ్మాయి పెట్టిన నియమం అది. బట్టే కాదు, రంగు కూడా దొరికినవాటి నుంచే తీయాలి. ఉల్లి పొట్టుతో పసుపు, కొబ్బరి పీచుతో లేత గోధుమ, గూడూరు జ్యూసు బళ్ళ దగ్గర పోగేసిన దానిమ్మ తొక్కలతో ముదురు పసుపు. ఇవన్నీ ఎవరైనా కాస్త ఓపిక పట్టి నేర్చుకోవచ్చు. నలుపు అలా కాదు. పడవల మేకులు, తెగిన గొలుసులు, రొయ్యల చెరువుల్లో తిరిగి తిరిగి తుప్పు పట్టిన, నీళ్ళు చిలికే ఏరేటరు కడ్డీలు ఏరుకొచ్చి, కాల్చి, దులిపి, అంగట్లో కారిపోయి అమ్ముడుపోని బెల్లం కలిపిన నీళ్ళలో వేసి, కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి నీడన పెడతాం. అది లోపల పులుస్తుంది. సరుగుడు బెరడు కషాయంలో నానబెట్టి ఆరేసిన బట్టకు ఆ పులిసిన నీళ్ళు తగలగానే నల్లబడుతుంది.

ఎప్పుడు పులిసిందో తెలియడంలోనే ఉంది అంతా. తొందరపడితే నలుపు బదులు బూడిద రంగు వస్తుంది. ఆలస్యమైతే ఆ పులుపు బట్టనే తినేస్తుంది. దుకాణంలో కొన్న ఇనుమైతే ఒక లెక్క చెప్పొచ్చు. సముద్రం ఒడ్డున దొరికిన మేకుకూ చెరువు గట్టున దొరికిన కడ్డీకీ లెక్క ఎవరు చెబుతారు? అందుకని మేస్త్రి వాసెన విప్పి, బిస్మిల్లా అనుకుని, వేలు ముంచి నాలుక కొసకు తగిలించుకుని ఉమ్మేసేవాడు. "అయింది" అంటే అయినట్టే. "కాలా" అంటే మళ్ళీ వాసెన కట్టేవాళ్ళం. ఈ పని మీరు చేయకండి, కడుపు పాడవుతుంది. మా కడుపులు ఎప్పుడో పాడయ్యాయి.

ఆ జబ్బు కాలం మీకందరికీ గుర్తుంది. మేస్త్రికీ వచ్చింది. దేవుడి దయవల్ల ఆసుపత్రి మెట్టు ఎక్కకుండానే తగ్గింది. చిక్కిపోయి, చొక్కా వేలాడుతూ, మళ్ళీ పనికి వచ్చాడు. వచ్చీ రాగానే కుండ విప్పి నాలుకకు రాసుకుని "అయింది" అన్నాడు. బట్ట ముంచితే బూడిద రంగు. బట్ట ఆరడానికి ఎండ చాలలేదేమో అనుకున్నాం. ఇంకో కుండ విప్పి అదే మాట అన్నాడు. అదీ బూడిదే. ఇన్‌ఛార్జి అమ్మాయి మొహం కనపడకుండా పక్కకు తిరిగింది.

మధ్యాహ్నం ఆయన సరుగుడు తోపులో ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళాను.

"ఏందన్నా, ఎట్టుండావు? ఒళ్ళు ఇంకా కుదుటపడలేదా?"

"ఒళ్ళు బానే ఉండాది చెల్లెమ్మా. నాలుకే పోయింది. ఏమీ తెలవడం లేదు నాకు. ఉప్పు లేదు, పులుపు లేదు. సముద్రం పక్కన నిలబడినా నీచు వాసన రావడంలా."

"మరి అయిందని చెప్పినావే!"

"ఏం చెప్పమంటావు? అందరూ నా మొహమే చూస్తుండారు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో నేను అలా చూడటం అదే మొదలు. ఇంక తాను మానుకుంటానన్నాడు. నెల్లూరులో అల్లుడికి చెప్పుల అంగడి ఉంది, వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోమని అంటున్నాడట. "రుచి తెలవనోడికి కుండ దగ్గర ఏం పని?" అన్నాడు. మళ్ళీ గొంతు బాగా తగ్గించి, "మీ వదినకి మాత్రం చెప్పబాక. దిగులు పెట్టుకుంటాది" అన్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ మనిషి చెప్పుల అంగట్లో కూర్చుని సైజులు అడగడం నా కళ్ళముందు మెదిలింది. "చెయ్యి ఉండాది కదా నీకు? నాలుక నేనిస్తా. ఎట్టుండాలో చెప్పు, నేను చూసి చెప్తా" అన్నాను. అనేశాక గానీ, రోజూ తుప్పు నీళ్ళు నోట్లో పెట్టుకోవాలన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

అప్పటికి మా చేతిలో పెద్ద పని ఒకటి ఉంది. చెన్నపట్నంలో ప్రదర్శనకు ఒక గోడంత బట్ట పంపాలి. ఒడ్డున నిలబడి అలివి వల లాగుతున్న మనుషులు, వాళ్ళ వెనక సముద్రం. దుప్పట్లూ కర్టెన్లూ అతికి అడుగు బట్ట సిద్ధం చేశాను. వల గీతలూ మనుషులూ అంతా నలుపే. నలుపు లేకపోతే అది ఉత్త దుప్పటి. ఇన్‌ఛార్జి అమ్మాయి మంచిది, కానీ భయపడింది. "ఈ ఒక్కసారికి నలుపు తెచ్చే అన్నభేది ఉప్పు కొని కలిపేద్దాం మేస్త్రి గారూ, ఎవరికీ తెలియదు" అంది. పులుపు కొలిచే కాగితం పట్టీలు కూడా తెప్పించింది. పట్టీ రెండు కుండల్లోనూ ఒకే రంగు చూపించింది. ఒక కుండ బూడిదగా దిగింది, ఇంకోటి మట్టి రంగుకు దిగింది. పట్టీకి పులుపు తెలుసు గానీ ఇనుమూ బెల్లమూ ఎంతవరకు కలిశాయో తెలియదు కదా.

మేస్త్రిని మళ్ళీ అడిగాను. "ఎట్టుండాలన్నా ఆ రుచి?"

"ఏముంది, మా ఇంటి చేపల పులుసు మాదిరి ఉండాల. ఆరోజుది కాదు, మరుసటి రోజుది. మా నాయన నాకు అట్టే చెప్పినాడు. ఇంట్లో నిన్నటి పులుసు ఎట్టుందో, కుండ అట్టుంటే దించు అని."

అంతే కొలత! పులుసంటే నాకు తెలియదా? కానీ నా పులుసు వేరు, వాళ్ళ పులుసు వేరు. మా ఇంట్లో చింతపండు పిసికేటప్పుడు చెయ్యి కాస్త జారుతుంది. అందుకని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఏదో సాకు చెప్పి మేస్త్రి ఇంటికి భోజనానికి పోయాను. వదిన బొమ్మిడాయిల పులుసు పెట్టింది. సోమవారం పొద్దున మళ్ళీ పోయి, దారిలో ఆకలేసిందని అబద్ధమాడి, నిన్నటి పులుసుతో అన్నం తిన్నాను. బో బాగుంది. చింతపండు ఘాటుగా, దవడలు లాగేటట్టు ఉంది. ఆ రుచి మనసులో పెట్టుకుని బస్సెక్కాను. దారిలో ఎవరో సోడా ఇచ్చినా తాగలేదు, చెరిగిపోతుందని.

ఆ తర్వాత రోజూ కుండ విప్పి నాలుకకు రాసుకున్నాను. కాలేదు, ఇంకా కాలేదు. చివరికి ఒకరోజు వదిన పులుసు పులుపు తగిలింది. "అయిందన్నా!" అని కేక పెట్టాను. మేస్త్రి కుంచె పట్టి వలలో ఒక మూల గీసి చూశాడు. నల్లగా, నిగనిగలాడుతూ దిగింది. ఇన్‌ఛార్జి అమ్మాయి నన్ను వాటేసుకుంది. ఆరేసి, మర్నాడు తొట్లో జాడించి ఎత్తేసరికి, నల్ల గీత ఉన్నచోటల్లా బట్ట చీలిపోయింది. పులుపు ఎక్కువై తినేసింది. వల పోయి కిటికీలు మిగిలాయి.

మేస్త్రి లేచాడు. కుంచె కడిగి, తుడిచి, అరలో పెట్టాడు. రంగు అంటకుండా నడుముకు కట్టుకున్న పాత లుంగీ గుడ్డ విప్పి మడతపెట్టి దానిపక్కన పెట్టాడు. ఆయన ఎప్పుడూ దాన్ని మడవడు, మేకుకు తగిలిస్తాడు.

సరిగ్గా అప్పుడే వదిన అన్నం క్యారేజీ పట్టుకుని ఆటో దిగింది. అందరం బొమ్మల్లా కూర్చుని ఉన్నాం. "ఏందిది, ఎవరన్నా పోయినారా?" అంది. నాకు ఇంక ఓపిక లేదు. చెప్పబాక అన్న మాట పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను, నాలుక పోయిన సంగతీ, పులుసు కొలత సంగతీ, చీలిన బట్ట సంగతీ.

వదిన క్యారేజీ కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాలుక పోయిన సంగతి నాకు తెలవదనుకుంటివా టీచరమ్మా? మొన్న ఉప్పు వెయ్యడం మరిచిపోయినా. బాగుంది అన్నాడు. ఆపైన కావాలనే వెయ్యలా. దానికీ బాగుంది అన్నాడు. ఈయన ఎన్నడన్నా నా వంటని ఏదో ఒకటి అనకుండా తిన్నాడా? పులుపెక్కువైందని రోజూ సణిగేటోడు. ఇప్పుడు తల వంచుకుని తిని లేస్తుండాడు. ఒక్కసారి తిట్టినా బాగుండునని నేను ఏడ్వని రోజు లేదు."

మేస్త్రి తల ఎత్తలేదు. వదిన చీలిన బట్ట చేతిలోకి తీసుకుని చూసింది. ఆయన వైపు తిరిగింది.

"ఏమయ్యా, మీ నాయన నీకు ఈ కుండ కొలత ఎప్పుడు చెప్పినాడు?"

"చిన్నప్పుడే."

"అప్పటికి మన పెళ్ళయిందా?"

"ఎట్టవుతాది?"

"మరి అప్పుడు మీ ఇంట్లో పులుసు పెట్టింది ఎవరు?"

మాకందరికీ ఒక్కసారే వెలిగింది. ఆయన నాలుక మీద కూర్చుంది వదిన పులుసు కాదు, వాళ్ళమ్మ పులుసు. ఇన్నేళ్ళూ ఆయనకే తెలియదు. మా ఇంటి పులుసు అంటే మా ఇంటిదే అనుకున్నాడు ఆ పిచ్చి మనిషి.

"చూసినావా టీచరమ్మా! కాపురానికి వచ్చిన కాడినుంచీ నేను వండి వారుస్తుండా. కుండలో మాత్రం వాళ్ళమ్మని కూర్చోబెట్టుకున్నాడు" అంది వదిన. కోపంగానే అంది. కానీ పెదవి చివర నవ్వు దాగలేదు. ఇన్‌ఛార్జి అమ్మాయి ముందు కిసుక్కుమంది, ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మేస్త్రి కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"మీ అత్త పులుసు ఎట్టుండేది వదినా?" అని అడిగాను.

"ఆమెకి చింతపండు అంటే పడదు. పచ్చి మామిడికాయ వేస్తాది, ఆఖర్న చిటికెడు బెల్లం. చేపల పులుసులో బెల్లం ఏందని నేను నవ్వినా. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలా. అది మనసులో పెట్టుకుని, ఆమె పోయినాక ఆ పులుసు ఒక్కసారీ పెట్టలా నేను." ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "రేపు రా. పెడతా."

మర్నాడు పోయాను. వదిన మట్టి దాక దింపింది, ఎక్కడో అటక మీద ఉన్నదాన్ని. మామిడి ముక్కలు తరిగింది. బెల్లం వేసేముందు ఒక్క నిమిషం చేతిలో పట్టుకుని, "తీసుకో అత్తా, నువ్వే గెలిచినావు" అని వేసింది. వండిన రోజుది ముట్టనీయలేదు. నన్ను ఆ రాత్రికి వాళ్ళింట్లోనే పడుకోబెట్టి, తెల్లారాక పెట్టింది.

మేస్త్రి నా ఎదురుగా కూర్చున్నాడు. పులుసు రంగు చూడగానే ఆయన మొహం మారిపోయింది. ఆయన కంచంలో కూడా వదిన వడ్డించింది. ఆయన కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుని, నన్ను చూశాడు.

"చెప్పు చెల్లెమ్మా. ఎట్టుండాది?"

నాకు మాటలు రావు, సూది దారం తప్ప నాకేం తెలుసు? అయినా చెప్పాను. ముందు ఏమీ తెలియదన్నా, మెత్తగా ఉంది. తర్వాత చిన్న తీపి. పోతుందిలే అనుకునేలోపు మామిడి పులుపు వచ్చింది. దవడ లాగదు, నాలుక పక్కల మాత్రం పట్టుకుని ఉంటుంది. మింగాక కూడా పోవడంలా. కారం ఎక్కడో వెనక ఉంది. నేను చెబుతుంటే ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. నేను ఒక ముద్ద, ఆయన ఒక ముద్ద. కంచం ఖాళీ అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. "అదే. అదే" అన్నాడు. వదిన పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ కూర్చుంది.

కొత్త కుండ పెట్టాం. ఈసారి నాకు తొందర లేదు. కుండ విప్పినప్పుడల్లా ఆయన బిస్మిల్లా అనేవాడు, నేను ప్రభువా అనుకునేదాన్ని, ఇన్‌ఛార్జి అమ్మాయి కుండను తాకి కళ్ళకద్దుకునేది. ఒక పొద్దున నాలుకకు ఆ చిన్న తీపి తగిలింది. పోతుందిలే అనుకునేలోపు పులుపు వచ్చి పక్కల పట్టుకుంది. నేను కేక పెట్టలేదు. "అన్నా, మీ అమ్మ వచ్చింది" అన్నాను.

అరలోంచి మడతపెట్టిన గుడ్డ తీసి ఆయన నడుముకు కట్టుకున్నాడు. చీలిన చోటల్లా నేను పగలంతా కూర్చుని వేరే దుప్పటి ముక్కలు వేసి అతికాను. ఆ అతుకులు చూసినవాళ్ళు వలకు పడిన మాట్లు అనుకున్నారు, మేం కాదనలేదు. ఆయన గీశాడు. ఆరేసి, జాడించి, రెండు చేతులా పట్టుకుని బలం కొద్దీ లాగాడు. చీలలేదు. ఇంకా గట్టిగా లాగాడు. నేను, "ఇంక చాల్లే అన్నా, చీల్చేదాకా నిద్ర పోవా ఏంది!" అని అరిస్తే గానీ వదల్లేదు. ఆ బట్ట చెన్నపట్నం పోయింది. బాగుందన్నారట. నేను పోలేదు, నాకు అంత దూరం బస్సు పడదు.

చెప్పుల అంగడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన చెయ్యి, నా నాలుక. అలాగే చాలా పనులు చేశాం. ప్రతి కుండకూ నేను రుచి చెప్పడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. కుండ సంగతి నాలుగు మాటల్లో తేలిపోయేదే, అయినా నేను సాగదీసి చెప్పేదాన్ని. ఆయన వద్దనేవాడు కాదు.

ఇక నేను పని మానేసే ముందు సంవత్సరం ఒక రోజు. బెరడు దంచుతున్నాం. గేటు దగ్గర ఆటో ఆగింది. వదిన దిగింది, చేతిలో క్యారేజీ లేదు, చెప్పులు కూడా లేవు. వెనక మేస్త్రి తప్పు చేసినవాడిలా నడుస్తున్నాడు. ఎదురు పరిగెత్తాను.

"తిట్టినాడు టీచరమ్మా!" అంది వదిన. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "ఇప్పుడే, అన్నం తింటా తింటా తిట్టినాడు. పులుపెక్కువైంది, నోట్లో పెట్టుకునేటట్టు లేదు అన్నాడు!"

నేను ఆమెను పట్టుకుని అక్కడే ఇసుకలో కూలబడ్డాను. ఇద్దరం ఏడ్చాం, సిగ్గేముంది? మేస్త్రి ఏం చేయాలో తెలియక తొట్టి గోడ మీద మట్టి గీకుతూ నిలబడ్డాడు. కాస్త తేరుకున్నాక వదిన కళ్ళు తుడుచుకుని, అందరి ముందూ ఆయనతో అంది: "సరేలేవయ్యా. నా చింతపండు నీకు పడదు. రేపటి నుంచి మీ అమ్మ పులుసే పెడతాలే."

మేస్త్రి గొంతు బాగా తగ్గించి చెప్పాడు. పక్కనున్నాను కాబట్టి నాకు వినపడింది.

"వద్దు. అమ్మది కుండలో ఉండాది కదా. ఇంట్లో నీదే ఉండనీ."

వదిన ఆ పూట ఇంటికి పోలేదు. మా పక్కన కూర్చుని, సాయంత్రం దాకా బెరడు దంచింది.